మాడుచెక్క

ఆదివారం పొద్దున ఈస్ట్ హామ్‌లో కొట్టు షట్టర్ ఎత్తించి, కూరగాయల పెట్టెలు బయట సర్దించి, గల్లా పనివాళ్ళకి అప్పగించి, వెంకటసుబ్బారావు మేడమీది ఫ్లాట్‌లోకి వచ్చాడు. చేతులు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళి కేకేశాడు.

"రత్నం, కంచాలు పెట్టు."

జడ వేసుకుంటున్న రత్నకుమారి దువ్వెన చేత్తో పట్టుకునే వచ్చింది. "ఇప్పుడేం కంచాలండీ? మధ్యాహ్నం వాడి దగ్గర భోజనం కదా!"

"అందుకే తిని వెళ్ళాలి. ఇన్నేళ్ళుగా బియ్యం బేరం చేస్తున్నాను, ఆకలి మీద ఏనాడైనా బేరానికి కూర్చున్నానా? ఆకలి మీద ఉన్నవాడు తొందరపడతాడు. తొందరపడ్డవాడు అవతలివాడు చెప్పిన రేటుకి తలూపుతాడు."

"మీరు వెళ్ళేది కన్నకొడుకు దగ్గరికండీ. రైస్ మిల్లుకి కాదు."

"రెండిటికీ పెద్ద తేడా లేదులే. పైగా అవన్నీ పేరు గొప్ప హోటళ్ళు. కిందటేడు మీ తమ్ముడు గణేశ్ తన పెళ్ళిరోజుకి తీసుకెళ్ళాడే, మర్చిపోయావా? పళ్ళెం చూస్తే తిరగలంత, మధ్యలో కూర బొట్టుబిళ్ళంత. ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకున్నాం."

రత్నకుమారికి నవ్వు వచ్చింది కానీ మనసు ఒప్పుకోలేదు. అయినా ఆయన పీట వేసుకుని కూర్చుంటే ఊరుకోలేక ముద్దపప్పు, గుత్తివంకాయ, గడ్డపెరుగు పెట్టింది. "ఒక్కణ్ణే తినమంటావా?" అంటే తనూ నాలుగు ముద్దలు తింది. ఆయన మాత్రం ఆవకాయతో మొదలుపెట్టి, నిండుగా తిని, త్రేన్చి లేచాడు.

అఖిల్ వాట్‌ఫర్డ్‌లో అకౌంట్స్ ఆఫీసులో మంచి ఉద్యోగం చేసేవాడు. ఉగాది రోజున ఇంటికి వచ్చి, ఆ ఉద్యోగం మానేసి ఆ ఊళ్ళోనే ఒక రెస్టారెంట్‌లో వంట పనికి చేరానని చెప్పాడు. సుబ్బారావు చేతిలోని పచ్చడి గిన్నె కింద పెట్టేశాడు. "తెనాల్లో మనం పెళ్ళిళ్ళకి వంటవాళ్ళని కుదుర్చుకునేవాళ్ళంరా! నిన్ను చదివించింది గరిటె తిప్పడానికా? నీ చేతి కూడు నేను తినను, పో!" అన్నాడు. అఖిల్ ఆ మాట మీదే మెట్లు దిగాడు. మళ్ళీ ఎక్కలేదు.

కిందటి వారం తల్లికి ఫోన్ చేసి, "నాన్నని మా రెస్టారెంట్‌కి తీసుకురా అమ్మా. ఒక్కసారి నేను వండింది తినమను. తిన్నాక ఆయన ఏం చెప్పినా వింటాను" అన్నాడు.

ఆ చివరి మాటే సుబ్బారావు పట్టుకున్నాడు. బేరంలో అవతలివాడు ఒక మెట్టు దిగితే మనం ఉన్నచోటే నిలబడాలన్నది ఆయన వ్యాపార సూత్రం. కొడుకు దిగాడు. ఎడిన్‌బర్గ్‌లో తన కంపెనీలో అఖిల్‌కి ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతానని గణేశ్ అప్పటికే మాట ఇచ్చి ఉన్నాడు. రైళ్ళు మారి వాట్‌ఫర్డ్ చేరేదాకా సుబ్బారావు ఆ మాటలనే ఎలా మొదలుపెట్టాలో ఎలా ముగించాలో మనసులో తూచుకుంటూ కూర్చున్నాడు. కడుపు బరువుగా, ధీమాగా ఉంది.

రెస్టారెంట్ ఇళ్ళ మధ్య సందులో ఉంది. బయట పెద్ద బోర్డు లేదు. లోపల చెక్క నేల, తెల్లని గుడ్డలు పరిచిన బల్లలు. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. 'సరుకు బయట పెట్టకుండానే ఇంతమంది గిరాకీ' అనుకున్నాడు సుబ్బారావు. అంతలోనే ఆ ఆలోచన తనది కాదన్నట్టు పక్కకి చూశాడు.

అఖిల్ తెల్ల కోటుతో వంటగదిలోంచి గబగబా వచ్చాడు. చిక్కిపోయాడు. ముంజేతుల మీద కాలిన చారలు. తల్లి వాటిని తడమబోతే చేతులు వెనక్కి పెట్టేసుకున్నాడు.

"ఖాళీ కడుపుతోనే వచ్చారు కదా నాన్నా?"

"ఆఁ ఆఁ" అన్నాడు సుబ్బారావు. రత్నకుమారి తల దించుకుంది.

"గుడ్. మా చెఫ్ హెలెన్ మొదటిసారి మెనూలో ఒక డిష్ నాకు వదిలేసింది. ఇవాళ అందరూ తింటే అది ఉంటుంది, లేదంటే తీసేస్తుంది. బట్ అది కాదు. మీరు తినాలి. అంతే." వచ్చినంత వేగంగా లోపలికి వెళ్ళిపోయాడు.

ముందు చిన్న గిన్నెల్లో సూప్ వచ్చింది. సుబ్బారావు రెండు చెంచాలు బలవంతంగా మింగాడు. రొట్టె వచ్చింది, ముట్టలేదు. ఆ తరువాత నెరిసిన గడ్డం వెయిటర్ రెండు పళ్ళాలు ఎంతో జాగ్రత్తగా తెచ్చి పెట్టాడు.

సుబ్బారావు పళ్ళెంలోకి చూసి బిగుసుకుపోయాడు. ఉప్పుడుపిండి. నూకలూ పెసరపప్పూ వేసి ఉడికించిన ఉప్పుడుపిండి! పక్కన కాల్చిన వంకాయ, చిన్న గిన్నెలో పచ్చిపులుసు. ఉప్పుడుపిండి పైన, వండిన గిన్నె అడుగున పట్టిన మాడుచెక్క, ఎర్రగా, కరకరలాడుతూ, గొడుగులా నిలబెట్టి ఉంది.

ఆయనకి చెవులు వేడెక్కాయి. ఈ దేశం వచ్చిన కొత్తలో, కొట్టు వెనకాల ఒక్క గదిలో ఉన్న రోజుల్లో, మంచి బియ్యమంతా అమ్మకానికే. బస్తాలు చిరిగి కింద రాలిన నూకలు చేట నిండా ఏరి, చెరిగి, రత్నం అదే వండేది. ఆ సంగతి ఈస్ట్ హామ్‌లో ఒక్కడికి కూడా తెలియకుండా దాచుకున్నాడు. ఇప్పుడు కన్నకొడుకే దాన్ని పింగాణీ పళ్ళెంలో పెట్టి ఊరందరికీ పంచుతున్నాడు.

"తినండీ" అంది రత్నకుమారి మెల్లగా. తను ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, రెండోది దిగలేదు. పొద్దున్నే తిన్న పప్పన్నం గొంతుదాకా ఉంది. సుబ్బారావు చెంచా కూడా ఎత్తలేదు. పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ తన పళ్ళెంలోని చెక్కని విరిచి పులుసులో ముంచుకుని కళ్ళు మూసుకుని నములుతోంది.

వెయిటర్ వచ్చి, అంతా బాగుందా అని అడిగాడు. "వెరీ నైస్, వెరీ నైస్" అంటూ సుబ్బారావు నిండు పళ్ళెం ముందుకు తోశాడు. వెయిటర్ రెండూ తీసుకెళ్ళాడు.

వంటగది తలుపు మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. అఖిల్ నెమ్మదిగా నడిచి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"బాగోలేదా?"

"నూకలా?" గొంతు తగ్గించి కసిరాడు సుబ్బారావు. "నూకలు పెడతావురా నాకు, ఇంతమందిలో? మనం ఎలా బతికామో వీళ్ళందరికీ చూపించాలా?"

"నాన్నా, వాళ్ళకి అది ఫుడ్. ఇష్టంగా తింటున్నారు. చూడండి."

"నాకు చూపించకు. తిన్నాక వింటానన్నావు. విను. గణేశ్ మావయ్య ఎడిన్‌బర్గ్‌లో నీకు ఉద్యోగం ఉంచాడు. రేపు నువ్వు ఊఁ అంటే చాలు."

"తిన్నాక వింటానన్నాను. మీరు తిన్నారా?"

రత్నకుమారి ఇక ఉండబట్టలేకపోయింది. "నీ వంట బాగోలేక కాదు నాన్నా. మేం... మేం ఇంట్లో తినేసి వచ్చాంరా."

అఖిల్ ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూశాడు. "సీరియస్లీ? తినేసి వచ్చారా? ఖాళీ కడుపని చెప్పారు కదా నాన్నా!" వంటగది వైపు వేలు చూపించాడు. "అడుగు పట్టక రెండుసార్లు పారబోసి మళ్ళీ వండాను పొద్దున్నుంచి. సరుకు చేత్తో చూడకుండా వద్దనకూడదని కొట్లో మీరే కదా చెప్పేవారు." లేచాడు. "నాకు సర్వీస్ ఉంది. జాగ్రత్తగా వెళ్ళండి."

వీధిలోకి వచ్చాక రత్నకుమారి నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"మీ పళ్ళెం సరిగ్గా చూశారా అసలు?"

"చూశాలే. నూకలు."

"నూకలు కాదండీ. చెక్క. నా పళ్ళెంలో చిన్న ముక్క ఉంది. ఆ పక్కావిడకీ చిన్న ముక్కే. మీ పళ్ళెంలో అరచేతంత ఉంది. ఎందుకో తెలుసా?" ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "ఆ గదిలో ఉన్నప్పుడు గిన్నె గీకి చెక్కంతా వాడి కంచంలో వేసేవారు. నాకు ఇష్టం లేదురా, నువ్వే తిను అనేవారు. వాడు నమ్మాడు. పెద్దయ్యాక నేనే చెప్పాను, మీ నాన్నకి అదంటే ప్రాణం, నీకోసం మానుకున్నాడూ అని. ఇవాళ మీ వాటా మీకు పెట్టాడు. మీరేమో వెనక్కి పంపారు."

సుబ్బారావు వెనక్కి తిరిగి రెస్టారెంట్ తలుపు వైపు చూశాడు. నూకలు ఏరిన రోజుల్లో కూడా తన తూకంలో తేడా ఉందని ఒక్కడూ వేలెత్తి చూపలేదు. అవతలివాడు పొద్దున్నుంచి సరుకు సిద్ధం చేసుకుని కూర్చుంటే, తను కొననని ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళాడు. పైగా అబద్ధం ఆడాడు. ఇలాంటి మనిషి తన కొట్టుకి వస్తే తను మళ్ళీ మెట్టు ఎక్కనిచ్చేవాడా?

"ఇక్కడెక్కడో పార్క్ ఉండాలి కదూ?" అన్నాడు.

"ఉంది. ఎందుకు?"

"నడవాలి."

కాసియోబరీ పార్క్‌లో ఆయన నడక చూసి కుక్కలతో షికారుకొచ్చినవాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు. మోకాళ్ళ నొప్పులతో రత్నకుమారి బెంచీ మీద కూలబడింది. ఆయన పార్కు చుట్టి వచ్చి, ఆవిడ ముందు నుంచి ఆగకుండా మళ్ళీ వెళ్ళాడు. కోటు విప్పి ఆవిడ ఒళ్ళో పడేశాడు.

"ఆ గుండె ఆగితే నేనేం చెయ్యనండీ ఇక్కడ! ఏంటిది?"

"అరగాలి" అని అరిచాడు దూరం నుంచి. కళ్ళు తుడుచుకుంటూనే ఆవిడ నవ్వేసింది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి రెస్టారెంట్ తలుపు మీద 'క్లోజ్డ్' అన్న బోర్డు వేలాడుతోంది. అద్దంలోంచి చూస్తే, పనివాళ్ళంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని తింటున్నారు. అఖిల్ ఒక్కడూ తినకుండా చివర కూర్చున్నాడు. సుబ్బారావు తలుపు తట్టాడు. జుట్టు నెరిసిన ఒకావిడ వచ్చి తెరిచింది. హెలెన్ ఆవిడే.

"సారీ మేడమ్" అన్నాడు సుబ్బారావు రొప్పుతూ. "ఐ యామ్ హిస్ ఫాదర్. ఐ యామ్ హంగ్రీ."

ఆవిడ ఆయన్ని కింద నుంచి పైదాకా చూసి, పక్కకి జరిగి, అఖిల్ పక్కన రెండు కుర్చీలు లాగింది.

అఖిల్ లేచి నిలబడ్డాడు. "నాన్నా? ఏమైంది?"

"ఆకలేస్తోందిరా. ఈసారి నిజంగా."

అఖిల్ లోపలికి వెళ్ళాడు. పొయ్యి పక్కన వెచ్చగా మూతపెట్టి ఉంచిన పళ్ళెం తెచ్చి తండ్రి ముందు పెట్టాడు. అదే పళ్ళెం. "పారేయబుద్ధి కాలేదు" అన్నాడు.

సుబ్బారావు చెంచా పక్కకి పెట్టి చేత్తో తిన్నాడు. ఉప్పుడుపిండిలో ఇంగువ ఘాటు, పులుసులో పచ్చిమిరప కారం. ఆ ఒక్క గది, గోడకి ఆనించిన బస్తాలు, బస్తాల మధ్య గిన్నె పట్టుకుని కూర్చున్న పిల్లాడు, అన్నీ ఒక్కసారి ఆయన గొంతులోకి వచ్చాయి. చెక్క మాత్రం చివరిదాకా ముట్టలేదు. చివర్లో దాన్ని రెండుగా విరిచి ఒక సగం కొడుకు చేతిలో పెట్టాడు.

"మీకిష్టం కదా, మీరే తినండి."

"ఇష్టమేరా. ఎప్పుడూ ఇష్టమే. అప్పుడు చెప్పలేదు, అంతే. సగం నీది."

ఇద్దరూ నమిలారు. ఆ కరకర చప్పుడుకి బల్ల దగ్గరివాళ్ళు నవ్వారు. అఖిల్ చెయ్యి తుడుచుకుని, తండ్రి వైపు తిరిగి సర్దుకుని కూర్చున్నాడు.

"తిన్నారు. నా మాట నేను నిలబెట్టుకుంటాను. చెప్పండి నాన్నా, వింటాను."

గణేశ్ చెప్పిన ఉద్యోగం సుబ్బారావు నోటిదాకా వచ్చింది. కొడుకు ముంజేతి మీది కాలిన చారలు చూశాడు. మింగేశాడు.

"ఇవి కొత్త బియ్యం నూకలురా" అన్నాడు. "ముద్దవుతాయి. అందుకే అడుగు పట్టడానికి నీకంత తంటా. పాత బియ్యంవి కావాలి. మంగళవారం బస్తా నేనే తెచ్చి దింపుతాను. మీ మేడమ్‌కి చెప్పు, ఈ డిష్ తీసెయ్యద్దని."

అఖిల్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అంతేనా? ఎడిన్‌బర్గ్ గురించి ఏం లేదా?"

"ఇంకొక్కటి ఉంది." సుబ్బారావు ఖాళీ పళ్ళెం రెండు చేతులతో ఎత్తి కొడుకు ముందుకు చాపాడు. "మారు పెట్టు."