లెక్క ఆగితే దించాలి

స్పెయిన్‌లోని తబెర్నాస్ ఎడారిలో రాత్రి సీన్లన్నీ మేం మిట్టమధ్యాహ్నమే తీసేవాళ్లం. కెమెరాకి నీలం అద్దం తగిలిస్తే మండుటెండ కూడా వెన్నెలైపోయేది. గ్రనాడాలో కాలేజీ చదువు వెలగబెట్టిన నేను, వచ్చిన నాలుగు ఇటాలియన్ ముక్కలతో అక్కడ సినిమాలు తీసే ఇటలీవాళ్ల దగ్గర పనికి కుదిరాను. మామూలు కౌబాయ్ సినిమాలు అప్పటికే జనానికి మొహం మొత్తాయి. మా దర్శకుడు కొరాడో గుర్రాలకి ఆకుపచ్చ రంగు పూయించాడు. ఆకాశంలో మూడు సూర్యుళ్లు కనపడేలా అద్దాలు కట్టించాడు. కథేమిటని అడిగితే బూతులు తిట్టేవాడు. ఒక గుర్రం ఆ రంగు నాకి చచ్చింది కూడా. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఆ రోజు మా అక్క ఎన్‌కార్నా మొగుడు ఎలోయ్‌ని ఉరితీసే సీను. చొక్కా లోపల తోలు పట్టీ, దాని వెనక తాడుకి తగిలించే కొక్కెం. బరువంతా దానిమీదే, మెడకున్న ఉచ్చు ఉత్తదే. మాటలు తర్వాత రోమ్‌లో కలుపుతారు కాబట్టి మా నటులు డైలాగులకి బదులు అంకెలు చదివేవాళ్లు. ఉరి సీన్లకి అదే కాపలా. వేలాడేవాడు లెక్కపెడుతున్నంతసేపూ క్షేమం. ఆగితే దించాలి. తాడు కొస నా చేతిలో ఉంది.

"ఒరే బామ్మర్దీ, నిద్రపోకు. చదువుకున్నోడివి, వంద దాకా వచ్చుగా?" అన్నాడు ఎలోయ్.

"అక్కని కొట్టిన చెయ్యి ఏదో చెప్పు బావా, లెక్క అక్కణ్ణించి మొదలెడతా."

నవ్వి నా కాళ్లదగ్గర ఉమ్మేశాడు.

పీట తన్నేశారు.

ఒకటి... రెండు... మూడు...

గొంతు ఖణీమంటోంది. గాలి ఆగిపోయింది. ఎండకి ఉడుకుతున్న రంగు వాసన. గుర్రాలు ఒక్కొక్కటే వెనక్కి జరిగాయి. నలభై... నలభై ఒకటి... అతని బూట్లు ఊగడం మానేశాయి.

"దించనా?" అన్నాను గుసగుసగా.

"లెక్క వినపడట్లేదా? నోర్ముయ్!" అన్నాడు కొరాడో.

నూట పది... నూట పదకొండు... ఆయాసం లేదు. తడబాటు లేదు.

ఎలోయ్ ప్యాంటు తడిసింది. బూటు అంచునుంచి చుక్క రాలింది.

నేను తాడు వదిలేశాను. లెక్క ఆగకుండానే.

కొక్కెం ఊడిపోయి ఉంది. మొదటి కుదుపుకే మెడ విరిగిందన్నాడు డాక్టరు. లెక్క మాత్రం అక్కడున్న అందరం విన్నాం. ఎలోయ్ గొంతే.

వారం తర్వాత ఊళ్లో హాలు మూసి, తీసిన రీలు వేశారు. చివరిసారి మొగుడి మొహం చూస్తానని పట్టుబట్టి అక్క నా పక్కన కూర్చుంది. శబ్దం లేని రీలు. నీలి వెన్నెల్లో ఎలోయ్ వేలాడుతున్నాడు. నోరు కదల్లేదు... ఒక్కసారి కూడా.

తెర అంచున తాడు పట్టుకుని నేను. నా పెదవులు కదులుతున్నాయి.

చీకట్లో అక్క నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి.

"ఆపరా," అంది. "ఆయన గొంతుతో ఆ లెక్క... ఆపు."

నేను నోరు తెరవనే లేదు.