ఉప్పు అడగలేని వంటమేస్త్రి

“పప్పులో ఉప్పు సరిపోయిందా అండీ?” అని అడగబోయాడు అవతారం. మెడలోని కీర్తికంఠి ఆ ప్రశ్నను గొంతులోనే పట్టుకుని, గంభీరంగా మార్చి బయటికి వదిలింది.

“ముప్ఫై ఏళ్ళ అనుభవం. ప్రతి ముద్దలోనూ నమ్మకం. నేను, మీ అవతారం!”

మొదటి బంతిలో కూర్చున్న నూట ఇరవై మందీ తలలూపారు.

అవతారం తణుకు ప్రాంతంలో పేరున్న పెళ్ళివంటల మేస్త్రి. మాటలు దిద్దే ఈ మెడ యంత్రాలు, కీర్తికంఠులు, వచ్చి ఐదేళ్ళయింది. లైసెన్సు పుచ్చుకుని వృత్తి చేసే ప్రతివారూ కట్టుకోవాల్సిందే. “ఏమోనండీ”, “తెలీదండీ” లాంటి మాటలు నోటికి వస్తే అది మార్చేస్తుంది. ఇతరులను తప్పుపట్టినా మారుస్తుంది. చేదుగా మాట్లాడేవాడికి మంచిపేరు రాదని దాని సిద్ధాంతం. అలా పెంచిన పేరును వన్నె అనే అంకెగా మెడ దగ్గర వెలిగిస్తుంది. అవతారం వన్నె తొంభై ఏడు. జిల్లాలో అతన్ని మించినవాడు ఒక్క పళ్ళ డాక్టరే. ఆయన పన్ను పీకిన ప్రతిసారీ “ఇది మనిద్దరి విజయం” అంటాడు.

ఇంత వన్నె ఉన్నవాడికి నాలుగేళ్ళుగా ఒకటే దిగులు. రక్తపోటుందని ఉప్పు తగ్గించమన్నారు. ఇంట్లో చప్పిడి కూడు అలవాటయ్యాక, పెళ్ళివంట ఏది రుచి చూసినా ఉప్పు కసిక్కుమంటోంది. తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. సరిగ్గా ఉందో లేదో ఎవరైనా చెప్పాలి కదా! భార్య అచ్చియ్యమ్మ తినేదీ ఆ చప్పిడి కూడే కాబట్టి ఆవిడ నాలుక సాక్ష్యానికి పనికిరాదు. పూర్వం మొదటి బంతిలోనే ఎవరో ఒకరు “మేస్త్రీ, ఉప్పేదయ్యా?” అని కేకేసేవారు. నిజానికి అతని చేతిని దిద్దింది ఆ కేకలే. ఇప్పుడు కంఠి ఉన్నవాళ్ళు అనలేరు, లేనివాళ్ళు తొంభై ఏడు వన్నె చూసి అనరు.

“మీ పప్పు నాలో కొత్త ఉత్సాహం నింపింది,” అన్నాడు ప్లీడరు గవర్రాజు, వేళ్ళు నాకుతూ. ఆ మాట ఆయనదో, ఆయన కంఠిదో దేవుడికే తెలియాలి.

బంతి లేచింది. అవతారం పెరట్లోకి వెళ్ళి ఎంగిలి విస్తళ్ళు చూశాడు. పాతకాలపు మేస్త్రీలందరికీ ఆ అలవాటుంది. అన్నీ ఖాళీ. హమ్మయ్య అనుకోబోతూ ఆగిపోయాడు. ప్రతి విస్తరి మూలా నాలుగు తెల్లటి పలుకులున్నాయి. వేలికి అద్దుకుని నాకాడు. ఉప్పు.

అతను ఉప్పు విడిగా వడ్డించడు. వడ్డిస్తే తన వంట మీద తనకే నమ్మకం లేనట్టని కంఠి ఒప్పుకోదు. మరి ఇదెక్కడిది?

అవతారం చెయ్యి మెడ మీదకు పోయింది. సహాయానికి వచ్చే మనిషే గనుక అచ్చియ్యమ్మకు కంఠి లేదు. ఉన్నమాటే అంది.

“ఏవండీ, అది తీస్తే వన్నె సున్నా అయిపోద్ది. రేపట్నుంచి మనల్ని పిలిచేవాడుండడు!”

“తెలియకుండా వండటం నా వల్ల కావట్లేదే,” అనబోయాడు. ఆ మాటను కంఠి “నా వంటకు సాటి లేదు” అని మార్చింది. ఇక కోపం ఆగలేదు. ఫట్టున తెంపేశాడు.

రెండో బంతి కూర్చుంది. అవతారం మధ్యలో నిలబడ్డాడు. సొంత గొంతు తనకే కొత్తగా, కాస్త బొంగురుగా వినిపించింది.

“బాబూ, నాలుక మీద నాకు నమ్మకం పోయింది. ఉప్పు చాలుతోందా, లేదా?”

మెల్లగా ఒకాయన జేబులోంచి పొడుం డబ్బీ తీశాడు. ఒకావిడ కుంకుమ భరిణె తీసింది. హోమియో సీసాలు, మందుబిళ్ళల డబ్బాలు, కొంగుకు కట్టిన పొట్లాలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. అన్నింట్లోనూ ఉప్పే.

చెయ్యి కడుక్కుని వచ్చిన గవర్రాజు అది చూసి తన కంఠి కూడా విప్పేశాడు.

“నాలుగేళ్ళయిందయ్యా, అవతారం. శుభలేఖలో నీ పేరు కనిపిస్తే ముందు ఉప్పు మూట కట్టుకుంటాం.”

“మరి నన్నెందుకు పిలుస్తున్నారండీ?”

“తొంభై ఏడు వన్నె మేస్త్రిని కాదని ఇంకోణ్ణి పెడితే పరువేం కానూ!”

అవతారానికి సిగ్గేసింది. వెంటనే నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా తన పరువును ఇంతమంది పొట్లాలు కట్టుకుని మోశారు. సాంబారు గుండిగ దగ్గరికి గవర్రాజును తీసుకెళ్ళి, గుప్పెడు ఉప్పు పట్టుకుని కొంచెం కొంచెంగా వేయసాగాడు. ఆయన గరిటెతో నాలుక మీద వేసుకుంటూ చెప్పాడు.

“ఇంకొంచెం… ఇంకొంచెం… ఆఁ, చాలు.”

చాలు అన్న మాట వినేసరికి అవతారానికి ఏడుపు ఆగలేదు.

“తర్వాత ఏడుద్దురు గానీ,” అంది అచ్చియ్యమ్మ, “ముందు ఆ పప్పు కూడా చూపించండి.”