మోకు ముడి

“వాగు పొంగితే ఎట్ల శ్రీలతా? గియ్యాల ఎవలకన్న ఏమన్న అయితే ఎట్ల?”

పొద్దటి నుంచి ఐలవ్వ ఈ మాట అనడం ఇది నాలుగోసారి.

నర్సు శ్రీలత రిజిస్టర్‌లోంచి తలెత్తకుండానే నవ్వుతుంది. “నీ నోట్లె ఏనాడన్న ఒక్క మంచిమాట ఉంటదా ఐలవ్వా? వాన పడకుంటే ఓ బుగులు, పడితే ఇంకో బుగులు!”

బయట హారన్!

ఆగకుండా మోగుతోంది...

సామేలు ఆటో బురదలో జారుతూ వచ్చి దవాఖాన మెట్లకు తగిలి ఆగుతుంది. ముసలి చంద్రయ్య అందులోంచి దూకుతాడు. చేతుల మీద మనవరాలు దీప. తొమ్మిదేళ్లు.

“పామమ్మా! పసుపు చేన్ల... నాగుబాము! నేనే సూసిన!”

పిల్ల పాదం ఉబ్బిపోయింది. కనురెప్పలు వాలిపోతున్నాయి. ఎత్తుదామన్నా లేవడం లేదు.

“ఐలవ్వా, ఫ్రిజ్ తెరువు! పాము మందు తియ్యి! జల్ది!”

ఐలవ్వ కొంగున కట్టిన తాళంచెవి విప్పుతుంది.

రెండేళ్ల కింద వరద వచ్చి పాత దవాఖానను గోడలతో సహా ఊడ్చుకుపోయింది. ముత్యంపేట అవతల, వాగు దాటితే గానీ రాలేని ఈ ఊరిని ఎవరూ పట్టించుకోనప్పుడు, సముద్రాల అవతలి దేశం వాళ్లు వచ్చి కొత్తది కట్టించారు. ఎండతో నడిచే ఫ్రిజ్ ఇచ్చారు. లోపల పిల్లల టీకాలు, పాముకాటు మందు. ప్రతి సీసా మీదా ‘అమ్మకానికి కాదు’ అని ముద్ర. ఆ రోజు ఒక తెల్లామె తాళంచెవి తెచ్చి, ఊడ్చే మనిషైన ఐలవ్వ అరచేతిలోనే పెట్టింది. ఊరంతా చప్పట్లు! ఆ ఫొటో ఇంకా గోడకు వేలాడుతోంది.

ఫ్రిజ్ తెరుచుకుంటుంది.

పై అరలో మందు డబ్బా ఉంది. చేతిలోకి తీసుకుంటే... తేలిగ్గా!

మూత తీస్తుంది.

ఖాళీ!

“సీసాలేవి?” శ్రీలత గొంతు కీచుమంటుంది. “ఐలవ్వా, తాళంచెవి ఎవలకిచ్చినవ్?”

“ఎవలకియ్యలె!”

అబద్ధం కాదు. ఎవరికీ ఇవ్వలేదు. కానీ ఆమె పిడికిలి కొంగును దాచేస్తుంది.

ఆదివారం పొద్దున నిద్ర లేచేసరికి కొంగుకున్న ముడి ఆమె వేసింది కాదు. పళ్లతో పీకితే గానీ ఊడలేదు. తాటిచెట్టు ఎక్కే గౌడ్లు మోకు తాడుకు వేసే ముడి అది. బరువు పడేకొద్దీ బిగుస్తుంది. ప్రాణమే దాని మీద వేలాడుతుంది కాబట్టి జారదు. ఐలవ్వ ఇంట్లో ఆ ముడి తెలిసింది ఇద్దరికే. ఒకరు భర్త భూమయ్య... మస్కట్‌లో ఉన్నాడు. ఇంకొకరు కొడుకు భూమేశ్.

సోమవారం భూమేశ్‌కు వీసా వచ్చింది. ఏడాదిగా తిరిగినా రానిది!

కుక్క మొరిగితే భయపడే మనిషి... ఫోన్ మోగితే భయపడే మనిషి... ఐలవ్వ ఆ ముడి విషయంలో మాత్రం భయపడలేదు. భయపడితే అడగాలి. అడిగితే తెలుస్తుంది. అందుకే అడగలేదు!

ఆమె ఫోన్ తీస్తుంది. రింగ్... రింగ్... భూమేశ్ ఎత్తడు.

“జగిత్యాల నుంచి అంబులెన్స్ ఎల్లింది!” శ్రీలత ఇంకో ఫోన్‌లో అరుస్తోంది. “కని వాగు దాటాలె సార్! మా దిక్కు రోడ్డు మునిగింది!”

ఐలవ్వ అప్పటికే ఆటోలో ఉంది.

“వాగు కాడికి పోనియ్యి సామేలూ!”

“ఆడేమున్నదవ్వా?”

“అడుగకు! పోనియ్యి!”

ఆటో ఎగిరెగిరి పడుతోంది. వాన ముఖం మీద కొడుతోంది. భూమేశ్ మధ్యాహ్నమే బయల్దేరాడు. కోరుట్లలో బస్సెక్కి, రాత్రికి ఎయిర్‌పోర్ట్... వాగు దాటిపోయి ఉంటే?

ఎప్పుడూ వాగు పొంగొద్దని మొక్కే తల్లి, ఇవాళ పొంగే ఉండాలని మొక్కుకుంటోంది. ఛీ!

వాగు పొంగే ఉంది.

ఎర్రటి నీళ్లు రోడ్డు మీంచి ఉరుకుతున్నాయి. ఒడ్డున ఆగిపోయిన ట్రాక్టర్. చుట్టూ పదిమంది. ట్రాలీలో తాడుతో కట్టిన అట్టపెట్టె. పక్కన భూమేశ్... కొత్త చొక్కా. వాడి పక్కన గొడుగు పట్టుకుని గల్ఫ్ ఏజెంటు పరశురాములు.

“అమ్మా! నువ్వెందుకచ్చినవే?”

ఐలవ్వ పెట్టె మీద పడుతుంది. తాడు పీకేస్తుంది. అట్టలు చించేస్తుంది. బట్టలు... తొక్కు సీసా... మక్క గారెల పొట్లం, రాత్రి తను వండినవే...

మందు లేదు!

“ఏడ పెట్టినవ్‌రా?”

“ఏంది?”

“చంద్రయ్య మనవరాలిని నాగుబాము కరిసింది! ఏడ పెట్టినవ్?”

భూమేశ్ ముఖంలో నెత్తురు చుక్క ఉండదు. “దీపనా...”

పరశురాములు వాడి భుజం నొక్కుతాడు. “ఈ పిలగానికేం తెల్వదక్కా. బస్సు టైమైతుంది.”

“నిన్ను అడిగిన్నా?” ఐలవ్వ ఆ చేతిని తోసేస్తుంది. “భూమేశా! పలుకు!”

“ఇంట్లనే ఉన్నయే...” వాడు నేల చూస్తాడు. “అర్రల. తాత కల్లు లొట్టిల, తడిగుడ్డ కింద. వీసా పైసలకు బదులు, నేను ఇమానం ఎక్కినంక ఈయన తీసుకపోతనన్నడు... సిరిసిల్లల ఎవలో క్లినిక్కాయనకట.”

ఇంట్లోనే!

దవాఖానకు నాలుగిళ్ల అవతల! ఆ గదిలోనే, ఆ లొట్టి కుండ పక్కనే ఆమె ఈ నాలుగు రోజులూ పడుకుంది.

ఐలవ్వ ఫోన్ చేస్తుంది. “శ్రీలతా! మా ఇంటికి ఉరుకు! అర్రల లొట్టి ఉన్నది... తడిగుడ్డ కింద!”

అటు నుంచి అడుగుల చప్పుడు. తలుపు. మట్టికుండ పగిలిన శబ్దం.

“దొరికినయ్!” శ్రీలత రొప్పుతోంది. “ఆరు సీసాలు! ఆగు... డాక్టర్ సార్ ఇంకో లైన్ల ఉన్నడు. ఐలవ్వా, ఇవి ఎప్పటిసంది బయట ఉన్నయ్? ఒక్క పూట అయితే ఎక్కియ్యుమంటున్నడు. రోజులైతే ఇవి నమ్మద్దట. సక్కగ చెప్పు!”

ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఒడ్డున పదిమందీ వింటున్నారు.

పరశురాములు చెవి దగ్గరికి వంగుతాడు. “మొగులు వట్టి, ఎండ లేక ఫ్రిజ్ నడుస్తలేదని పొద్దున నువ్వే ఇంటికి తెచ్చినవను. అయిపాయె! మందు ఎక్కిస్తరు. నీ కొడుకు ఇమానం ఎక్కుతడు. ఎవ్వలకు ఏం తెల్వది.”

ఎంత సులువు!

అందరూ నమ్ముతారు. ఐలవ్వ భయం సంగతి ఊరికి తెలియనిదా? మందు పాడవుతుందని భయపడి తీసుకుపోయింది పాపం అంటారు.

“ఐలవ్వా! ఇనవడ్తుందా? పిల్ల మింగలేకపోతున్నది!”

గోడ మీది ఫొటో కళ్ల ముందు కదులుతుంది. చాచిన తన అరచెయ్యి...

“ఆదివారంసంది.”

“ఏంది?”

“ఆదివారంసంది బయటనే ఉన్నయ్, బిడ్డా. నేను నిద్రవోయినప్పుడు నా కొడుకు తాళంచెవి తీసిండు.” కొంగు చేతిలోకి తీసుకుంటుంది. “నా కొంగు సూస్తే నాకు సమజైంది. సమజై గూడ అడగలె. వాడు దొంగ... నేను దొంగను దాసినదాన్ని.”

సామేలు ముఖం తిప్పుకుంటాడు. పదిమంది చూపులూ రాళ్లలా తగులుతున్నాయి. నేల చీలితే బాగుండు!

అప్పుడే అవతలి ఒడ్డున సైరన్!

తెల్లటి అంబులెన్స్. ఆగిపోయింది. ఒకతను దిగి చేతులూపుతున్నాడు.

“ఐలవ్వా!” శ్రీలత గొంతు మారిపోయింది. తిట్టదు. తిడితే బాగుండేది. “ఇవి పనికిరావు. అంబులెన్స్‌ల మంచి మందు ఉన్నది. ఎవలన్న దాటి తేవాలె. అర్ధగంటల పిల్లకు ఎక్కియ్యాలె... అంతే!”

“ట్రాక్టర్ దిగదు,” అంటాడు డ్రైవర్. “మనిషే దిగాలె. ట్రాలీల పెద్ద తాడున్నది. కని... ఎవలు దిగుతరు?”

నీళ్లలో ఓ తుమ్మ మొద్దు కొట్టుకొస్తుంది... గిర్రున తిరిగి మునిగిపోతుంది. మళ్లీ తేలదు.

ఒక్కొక్కరూ వెనక్కి జరుగుతారు.

భూమేశ్ కొత్త చొక్కా విప్పుతున్నాడు.

“ఏయ్! పిచ్చా?” పరశురాములు జేబులోంచి పాస్‌పోర్ట్ తీసి ఊపుతాడు. “బస్సు పోతే వీసా పాయె! మల్ల నా గడప తొక్కనియ్య!”

వాడు వినడం లేదు. తాడు ఒక కొస ట్రాక్టర్‌కు కడతాడు. రెండో కొస నడుముకు చుడతాడు. వేళ్లు వాటంతటవే తిరుగుతున్నాయి... మెలి... లోపలికి... బయటికి... గట్టి లాగు.

అదే ముడి!

వాన చినుకుకు తడిస్తే జ్వరం వస్తుందని తల తుడిచింది వాడికే. బావి దగ్గరికి పోతే చెంప పగలగొట్టింది వాడినే. ఇరవై రెండేళ్లుగా ప్రతి రాత్రీ కళ్లు మూస్తే వాడి శవమే కనబడేది ఆమెకు... ఎప్పుడూ నీళ్లలోనే.

“నేను పోతనే అమ్మా.”

వాడు అంచున నిలబడి ఆమె వైపే చూస్తున్నాడు. నీళ్లు మోకాళ్లను లాగుతున్నాయి. అయినా కదలడు. తల్లి మాట కోసం ఆగాడు.

ఫోన్‌లో చంద్రయ్య ఏడుపు. అవతల సైరన్. మధ్యలో వాగు.

ఐలవ్వ నీళ్లలోకి దిగుతుంది. కొడుకు నడుముకున్న ముడిని పట్టుకుంటుంది. బలమంతా పెట్టి ఒకసారి లాగి చూస్తుంది.

జారదు.

పదిమందీ ఎదురుచూస్తున్నారు. వాడూ ఎదురుచూస్తున్నాడు.

ఆమె ముడి వదిలేస్తుంది.

“పో.”