ఎదురుచూడని ప్రోగ్రాం

“లోపలికెలా వెళ్లాలో అందరూ చెప్తున్నారు. బయటికెలా రావాలో ఒక్కరైనా చెప్పారా నాన్నా?” అంది తల్లి, హెడ్‌ఫోన్ సర్దుకుంటూ. ఆమె ఏజెన్సీలో వైర్‌లెస్ ఆపరేటర్. వెళ్తున్నది ఆమె కొడుకే. కోడ్‌నేమ్ నీడ.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది. విదేశీ ముఠా ఒకటి మంచినీళ్ల కంట్రోల్ రూం పట్టుకుంది. సైరన్ మోగగానే ఊరి ట్యాంకుల్లోకి విషం వదులుతుంది. ఏజెన్సీ రాసిన జావా ప్రోగ్రాం అక్కడ నడిస్తే వాల్వులు మూసుకుంటాయి, తలుపు లాక్ ఊడుతుంది. దారి చెప్పింది నెమలి. ముఠాలో ఉంటూ మనకు కబుర్లందించే అందగత్తె.

ఏసీ మెకానిక్ వేషంలో నీడ లోపలికి వెళ్లాడు. వెనక ఉక్కు తలుపు పడింది. చెవిలో అమ్మ గొంతు తెగిపోయింది. అద్దం అవతల నెమలి నవ్వుతోంది, పక్కన ముఠా నాయకుడు. ఆమె చెప్పిన దారే వల.

నీడ వాల్వుల ప్యానెల్‌కి లాప్‌టాప్ కేబుల్ తగిలించి ప్రోగ్రాం వదిలాడు. అది లేచి, వెబ్ సర్వర్ తెరుచుకుని, నెట్‌వర్క్‌లో ఆర్డర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. ఆ గదికి నెట్‌వర్కే లేదు.

“నీ ప్రోగ్రాం ఎవరికోసం కూర్చుంది బాబూ? ఇక్కడికి కబురు తెచ్చే కాకి కూడా రాదు,” అంది నెమలి స్పీకర్‌లో.

తప్పు ఏజెన్సీ అలవాటుది. నెట్‌వర్క్‌లో కబుర్లాడుకునే చిన్న ప్రోగ్రాంలు, మైక్రోసర్వీసులు, రాసీ రాసీ, ఏం రాసినా వెబ్ సర్వర్ తగిలించేస్తారు. ప్రోగ్రాంకి పునాదైన ఫ్రేంవర్క్‌కి మాత్రం అది తప్పనిసరి కాదు. ప్రోగ్రాంలో ఏమేం కలవాలో రాసి ఉండే బిల్డ్ ఫైల్‌లో నీడ సర్వర్ లైన్ పీకేశాడు. బిల్డ్ విరిగింది, ప్రోగ్రాం తయారవలేదు. ఇంకో మూల ఓ కోడ్ ముక్క, ఓ క్లాస్, ఆ సర్వర్‌నే పట్టుకు వేలాడుతోంది. సైరన్ దగ్గరపడిందని గోడమీద ఎర్రదీపం వెలిగింది. ఆ క్లాసూ తీసేసి, వాల్వులు మూసే పనిని నేరుగా కమాండ్‌కి కట్టి, ఎంటర్ నొక్కాడు.

ప్రోగ్రాం ఎవరికోసమూ ఆగలేదు. పని చేసింది, ముగిసింది. సైరన్ మోగేసరికి వాల్వులన్నీ బిగిసి ఉన్నాయి. తలుపు లాక్ టక్కుమంది. పారిపోబోయిన నెమలికి, నాయకుడికి బయట కాపుకాసిన చీఫ్ మనుషులు మెట్లమీద ఎదురొచ్చారు.

అంతసేపూ తల్లి పిలుస్తూనే ఉంది. ముందు కోడ్‌నేమ్‌తో, తర్వాత ముద్దుపేరుతో, చివరికి ఉట్టి “నాన్నా” అని. గాలిచప్పుడు తప్ప ఏమీ లేదు. మనసు ఎక్కడెక్కడికో పోయింది. చీఫ్ తెచ్చిన మంచినీళ్లు కూడా ముట్టలేదు.

హెడ్‌ఫోన్ గరగరలాడింది.

“వచ్చేశానమ్మా. బయటికొచ్చే దారి చూసుకోమని నువ్వు నాకు చెప్పావు గానీ, ప్రోగ్రాంకి ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాల్సొచ్చింది.”