నిగనిగలాడిన ఒక్క ద్రాక్ష

"ఆయన్ని చంపడానికి తుపాకీ అక్కర్లేదు ఏలియా. ఒక్క పండు చాలు," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ చిదంబరం.

1967 మార్చి. ఉప్పల్ చౌరస్తాలో ఇరానీ హోటల్ వెనక గది. బయట వరంగల్ బస్సు హారన్ కొడుతోంది. చీఫ్ టీని సాసర్‌లో పోసుకుని, రెండో చేత్తో ఒక ఫోటోను బల్లమీద ఏలియా వైపు జరిపాడు. బట్టతల, మందపాటి కళ్లద్దాలు, మెడదాకా బొత్తాలు పెట్టిన చొక్కా. డాక్టర్ త్రిమూర్తులు. ఉప్పల్ దాపున రాళ్లు పరీక్షించే లాబొరేటరీలో శాస్త్రవేత్త. యురేనియం ఎక్కడెక్కడ ఉందో చెప్పే మ్యాపు ఏ కాగితం మీదా లేదు. ఆయన తలలో ఉంది. ఎల్లుండి ఆ తల బొంబాయి మీదుగా లండన్ విమానం ఎక్కుతోంది.

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది. డాక్టరుగారికి ఒక అలవాటుంది. దూరప్రయాణాల్లో పొద్దుటి టిఫిన్‌కి, ఆకాశంలో వేడిచేసి పెట్టేది ఏదీ ముట్టడు. తాజా పండ్లు తప్ప తినడు. అందులోనూ ఉప్పల్ తోటల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష ఉండి తీరాలి. ఆయన పేరు రాసిన ట్రే నాచారంలో ఒక ప్రైవేటు ఫ్లైట్ కిచెన్‌లో తయారవుతుంది. ఈ అలవాటు మన ఫైల్లోకి ఎక్కకముందే శత్రువుల ఫైల్లోకి ఎక్కింది. కోల్డ్ స్టోరేజీ ఇంజనీరునని చెప్పుకుంటూ ఆ కిచెన్‌లో తిరుగుతున్న విదేశీయుడు ఒకడున్నాడు. కోడ్ పేరు 'ఐస్'.

"ట్రే ఎవరు సర్దుతారు?" అన్నాడు ఏలియా. జవాబు తెలిసే అడిగాడు.

"విక్టోరియా. నీ విక్టోరియానే."

ఏలియా తన కప్పు దగ్గరికి లాక్కున్నాడు. టీ మీద మీగడ ముడతపడింది.

విక్టోరియా ఒకప్పుడు ఎయిర్‌హోస్టెస్. స్లీవ్‌లెస్ జాకెట్టు, నల్లద్దాలు. నాచారం రోడ్డుమీద స్కూటర్ నడిపే ఆడమనిషి ఆ రోజుల్లో ఆమె ఒక్కతే. విదేశాల్లో తిరిగేటప్పుడు ఏదో పొరపాటు చేస్తే, దాన్ని పట్టుకుని ఐస్ ముఠా ఆమెను తన ఏజెంటుగా వాడుకుంది. రెండేళ్ల కిందట ఏలియా ఆమె మీద నిఘాకు వెళ్లాడు. వెళ్లి, ఆమెను మన వైపు తిప్పాడు. అప్పటి నుంచి ఆమె డబుల్ ఏజెంట్. కొలువు వాళ్ల దగ్గర, కబురు మన దగ్గర. ఆమెను తిప్పే పనిలో ఏలియా మనసు కూడా తిరిగిపోయింది. నాచారం చర్చిలో వాళ్ల పెళ్లి ప్రకటన రెండు ఆదివారాలు చదివారు. మూడో ఆదివారం కూడా చదివి, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే పెళ్లి.

నెల రోజులుగా ఆమె నుంచి ముఠా గురించి కబురు ఏదీ రాలేదన్నాడు చీఫ్. మళ్లీ అటు తిరిగిందని అనుమానం. ముందే ట్రే మార్చేస్తే ముఠా పరారవుతుంది, రుజువు చేతికి రాదు. అందుకే ఏలియా స్టీవార్డు వేషంలో అదే విమానంలో ఉండాలి. పండు మంచిదైతే కెప్టెన్ చేత రేడియోలో 'తీపి' అనిపించాలి. విషముంటే 'పులుపు'. ఆ మాట అందిన మరుక్షణం జీపులు నాచారం కిచెన్‌ను చుట్టేస్తాయి.

"ఇంకెవర్నన్న పంపున్రి సార్."

"పంపొచ్చు. కానీ ద్రాక్షతోటలో పెరిగినవాడు నా దగ్గర నువ్వొక్కడివే."

లేచేముందు చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. మూత తిప్పితే ఊదారంగు వెలుగు వస్తుంది. విషం మీద పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. ఢిల్లీ నుంచి కొత్తగా వచ్చిన సరుకు. దానితో ఉత్తరం మాత్రం రాయలేం.

ఏలియా తండ్రి అబ్బయ్య ముప్ఫై ఏళ్లు ఉప్పల్ తోటల్లో గుత్తులు కోశాడు. పండిన ద్రాక్ష మీద సన్నని తెల్లటి పొర ఉంటుంది, బూడిద ఊదినట్టు. వేలు తగిలితే చెరిగిపోతుంది. చెరిగింది మళ్లీ రాదు. అది చెరిగిన గుత్తిని అబ్బయ్య పెట్టెలోకి రానిచ్చేవాడు కాదు. విక్టోరియాను మొదటిసారి తోటకు తీసుకెళ్లిన రోజు ఆమె గుత్తిని దోసిట్లో పట్టబోతే, ఏలియా తండ్రి మాటే చెప్పాడు. కాడ వట్టు, కాయ ముట్టకు. ఆమె పడిపడి నవ్వింది. కానీ మర్నాటి నుంచి కిచెన్‌లో పనిచేసేవాళ్లందరి చేతా అలాగే పట్టించింది.

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఇద్దరూ ఆ తోటలోనే, ద్రాక్ష పందిరి కింద కలుసుకున్నారు. తోట గేటు దగ్గర కోల్డ్ స్టోరేజీ వ్యాను ఒకటి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

"రేపు యాడ డ్యూటీ?" అంది విక్టోరియా.

"బొంబాయి దాక. ఆఫీసు కాగితాలున్నయి."

"కాగితాలు మోసేతందుకు మీసం తీసినవా?"

ఏలియా మూతి తడుముకున్నాడు. పెండ్లికి తీశానన్నాడు.

"పెండ్లికి మీసం తీసెటోన్ని నిన్నే సూస్తున్న." నవ్వబోయి ఆపింది. గేటు వైపు చూడకుండానే గొంతు తగ్గించింది. "గుత్తిని పొద్దుగాల వెలుతుర్లనే సూడాలె అన్నవ్ గద. దీపం కింద అన్ని కాయలు ఒక్కతీరుగనే కనబడ్తయని."

"మా నాయిన మాటది."

"జర యాద్ వెట్టుకో."

స్కూటర్ స్టాండు తీసి వెళ్లిపోయింది. వ్యాను ఆమె వెనకే కదిలింది. పోయిన తండ్రిని తలుచుకుందని ఏలియాకు కళ్లు చెమ్మగిల్లాయి. అంతకుమించి ఆలోచించలేదు.

బోయింగ్ బొంబాయిలో లేచేసరికి ఇంకా తెల్లవారలేదు. ఏలియా భోజనాలు సర్దే గ్యాలీలో తెర లాక్కుని డాక్టరుగారి ట్రే తీశాడు. ఒక జామకాయ, రెండు అరటిపండ్లు, ఒక పెద్ద ద్రాక్షగుత్తి. బల్బు కింద పెన్ను మూత తిప్పాడు. ఊదారంగు వెలుగు కాయ కాయ మీదా పాకింది. ఎక్కడా ఆకుపచ్చ లేదు. మళ్లీ చూశాడు. లేదు. మూడో ఆదివారానికి కుట్టించుకున్న కోటు గుర్తొచ్చింది. స్టీవార్డు నడక మరిచిపోయి, పెళ్లికొడుకులా నడుచుకుంటూ ట్రే తీసుకెళ్లాడు.

డాక్టరుగారు కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నారు. పండ్లను చూడగానే ముఖం విప్పారింది. ఆకాశంలో పొట్ట ఉబ్బుతుందని, పండైతే నీళ్లలా దిగిపోతుందని చెప్పుకొచ్చారు.

"ఉప్మా తిన్నామనుకో తమ్ముడూ, లండన్ దాకా కడుపులో బండరాయే. రాళ్ల సంగతి నాకు బాగా తెలుసు."

అరటిపండ్లు అయిపోయాయి. జామకాయ అయిపోయింది. అప్పుడు కింద సముద్రం మీద సూర్యుడు లేచాడు. వెలుతురు అడ్డంగా వచ్చి గుత్తి మీద పడింది. గుత్తంతా తెల్లటి పొర, తీగ మీద ఉన్నట్టే ఉంది. మధ్యలో ఒక్క కాయ మాత్రం అద్దంలా నిగనిగలాడుతోంది.

డాక్టరుగారి వేళ్లు ఆ కాయ మీదే ఉన్నాయి. తుంచారు. నోరు తెరిచారు.

ఏలియా చెయ్యి ఎప్పుడు లేచిందో అతనికే తెలియదు. పెదవికి తగలబోతున్న కాయను లాగేశాడు. కళ్లద్దాలు కిందపడ్డాయి. డాక్టరుగారు నోరు తెరిచే ఉండిపోయారు.

గ్యాలీలో ఆ కాయను వెలుతురుకు ఎత్తి చూశాడు. తొడిమె దగ్గర సూదిమొనంత రంధ్రం. జేబులో ఉన్న పరీక్ష మందు ఒక చుక్క వేస్తే, విషానికి గుర్తుగా నీలంగా మారింది. ఢిల్లీ పెన్నుకు తెలియని విషం. ఏలియా కాక్‌పిట్‌లోకి వెళ్లి, రహస్యం తెలిసిన కెప్టెన్‌తో ఒక్క మాట అన్నాడు.

"పులుపు."

తిరిగొచ్చి గ్యాలీలో కూర్చున్నాడు. గుత్తి ఎదురుగా ఉంది. అటూ ఇటూ తిప్పి చూశాడు. కాడ పట్టే తిప్పాడు, అలవాటుగా.

తక్కిన ఏ కాయమీదా వేలిముద్ర లేదు. సూది గుచ్చిన చెయ్యి అంత నేర్పుగా కాడ పట్టుకుని గుచ్చింది. మరి ఆ ఒక్క కాయ పొర ఎందుకు చెరిగింది? చెరగలేదు. విక్టోరియా కావాలనే చెరిపింది. బొటనవేలితో చుట్టూ తుడిచింది. ఐస్ పక్కన నిలబడి చూస్తుండగా, నోరు విప్పే వీలు లేక, ఈ లోకంలో ఒక్క మనిషి మాత్రమే చదవగలిగే చీటీ రాసి పంపింది. పొద్దుటి వెలుతుర్లో చూడమని కూడా చెప్పింది.

ఏలియా కాక్‌పిట్‌లోకి పరుగెత్తాడు. 'తీపి' అని చెప్పమన్నాడు. జీపులు చూసి, పండులో లోపం దొరికిందని ఐస్‌కు తెలిస్తే, ఎవరు చెప్పారో వేరే వెతుక్కోడు. తీపి అంటే జీపులు ఆగుతాయి. ఆమెను ముందు బయటికి తెచ్చుకోవచ్చు.

"ఐదు నిమిషాలైంది," అన్నాడు కెప్టెన్. "బొంబాయి నుంచి హైదరాబాదుకు అందిపోయింది."

లండన్‌లో దిగేసరికి చీఫ్ టెలిగ్రామ్ సిద్ధంగా ఉంది. ఐస్ దొరికాడు, ముఠా మొత్తం దొరికింది. మొదటి జీపు గేటు దాటేలోపే ఐస్ విక్టోరియాను కాల్చేశాడు. చివర రెండే మాటలు. ఆమె మన మనిషే. తప్పు నాది.

మూడో ఆదివారం పాస్టరుగారు ప్రకటనల పుస్తకం తెరిచి, ఒక పేరు దగ్గర ఆగి, ఆ పేజీ తిప్పేశారు. ఏలియా ఆఖరి బెంచీలో కొత్త కోటు వేసుకుని కూర్చున్నాడు. అభ్యంతరం ఎవరూ చెప్పలేదు.

మరో పది రోజులకు విమాన కంపెనీ నుంచి ఆఫీసుకు ఒక ఫిర్యాదు వచ్చింది. మీ స్టీవార్డు నా నోటి దగ్గర పండు లాక్కుని, బదులుగా ఉప్మా పెట్టాడని డాక్టర్ త్రిమూర్తులు రెండు పేజీలు రాశారు. ఆయనకు ఏమీ చెప్పకూడదు. రూలు ప్రకారం స్టీవార్డు సంజాయిషీ ఫైల్లో ఉండాలి. చీఫ్ తల ఎత్తకుండా కాగితం ముందుకు జరిపాడు.

ఏలియా ఢిల్లీ పెన్ను పక్కన పెట్టి, మామూలు పెన్ను అడిగి తీసుకుని రాశాడు.

"పండులో లోపం లేదు. చూడటంలో ఆలస్యం నాదే. ఇకమీదట పొద్దుటి వెలుతురులోనే చూస్తాను."