పళ్ళూడిన దువ్వెన

"మీ బావని పట్టుకురా."

పెద్దాయన అంతే అన్నాడు. ఆయన డిపార్ట్‌మెంట్ చీఫ్. మాటలు పొదుపు, అనుమానాలు ధారాళం. పొద్దున్నే అద్దంలో మొహం చూసుకుని "ఎవడివి నువ్వు" అని అడుగుతాడని ఆఫీసులో చెప్పుకుంటారు.

ఎదురుగా నిలబడ్డవాడు ఏజెంట్ తాబేలు. పేరు చూసి నత్తనడక మనిషి అనుకునేరు. ఇల్లు వీపు మీద మోస్తూ తిరుగుతాడని ఆ పేరు. ఎక్కడ దింపినా సంచిలో నాలుగు చొక్కాలు, మూడు మీసాలు, రెండు పాస్‌పోర్టులు ఉంటాయి. పెళ్ళి కాలేదు. వారానికో మొహం మార్చేవాణ్ణి ఎవరు చేసుకుంటారు చెప్పండి.

"ఏ బావ సార్?"

"నీకెంతమంది?"

"ఒక్కడే."

"అయితే వాడే."

టేబుల్ మీద ఫోటో పెట్టాడు. సాయంత్రం వేళ, రైల్వే ప్లాట్‌ఫారం. దీపస్తంభం కింద ఛాతీ దాకా బావ, మొహం స్పష్టంగా కనపడుతోంది. ఎదురుగా మసక నీడలో గద్దముక్కు. విదేశీ ముఠాకి కొరియర్ వాడు, వాడి ముక్కు వాడికన్నా ముందు స్టేషన్లో దిగుతుంది. ప్యాకెట్ పట్టుకున్న వాడి చెయ్యి బావ వైపు చాచి ఉంది.

బావ అంటే ఎవరో కాదు, అదే ఆఫీసులో సైఫర్ గుమస్తా. సముద్రం మీదున్న మన ఓడలన్నీ మాట్లాడుకునే రహస్య భాషకి తాళం ఆయన చేతిలో ఉంటుంది. ఆ తాళం మారేది ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి.

"ఎవరు తీశారు సార్?"

"నెమలి. బొత్తాం కెమెరాతో, గురువారం సాయంత్రం. ఫోటోల ల్యాబ్‌లో దిగింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు, పచ్చి ఫోటో అని ల్యాబ్ చూసుకునే ఫోటోల మాస్టారు సంతకం పెట్టి ఇచ్చాడు."

"నెమలి అటూ పనిచేస్తుంది, ఇటూ పనిచేస్తుంది కదా."

"ఈ ఫోటో ఇటు. పన్నెండింటికి వ్యాన్ వస్తుంది. ఎక్కాక మీ బావ ఏ జైల్లో ఉన్నాడో నాక్కూడా చెప్పరు. సైఫర్ గదిలో ఆయన కుర్చీలో ఇవాళ ఫోటోల మాస్టారు కూర్చుంటాడు. ఆ మెషీన్ నేర్చుకున్న రెండోవాడు అతనొక్కడే."

"నన్నే ఎందుకు పంపుతున్నారు?"

"నువ్వు తప్పిస్తావో పట్టుకొస్తావో చూద్దామని."

చూశారుగా, మనిషంటే అంత నమ్మకం.

*

బావ ఇంట్లో చెప్పులేసుకుంటున్నాడు. తాబేలు గుమ్మంలోనే అడిగేశాడు.

"గురువారం సాయంత్రం ఎక్కడున్నావు బావా?"

బావ చెవులు ఎర్రబడ్డాయి. "పని మీద వెళ్ళాను."

"ఏం పని?"

"చెప్పను."

"బావా, ఇది ఇంట్లో అడిగే ప్రశ్న కాదు. ఆఫీసు అడుగుతోంది."

"ఆఫీసుకి అసలే చెప్పను."

పదిహేనేళ్ళుగా పక్క కంచంలో తింటున్న మనిషి. లెక్కలు చెప్పాడు, సైకిల్ నేర్పాడు, అక్క కోపం నుంచి ఎన్నోసార్లు కాపాడాడు. ఇప్పుడు కళ్ళలోకి చూడట్లేదు.

అక్క వంటింట్లోంచి వచ్చింది. విషయం విని మొగుణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"ఈయనా? కూరలకి పంపిస్తే సంచి మర్చిపోయి కూరలు తెస్తాడు, కూరలు మర్చిపోయి సంచి తెస్తాడు. దేశాన్ని అమ్మాలంటే కనీసం గుర్తుండాలి కదరా."

"గురువారం ఎక్కడికెళ్ళాడో నీకు తెలుసా?"

"అది నాకూ చెప్పట్లేదు," అంది అక్క మెల్లగా. తమ్ముణ్ణి పక్కకి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. తాబేలు తలూపి, బావని బండెక్కించాడు. ఆఫీసులో బావని కాపలా గదిలో కూర్చోబెట్టి, చెప్పులు విప్పించి తనిఖీ చేసి ఇచ్చి, బయటి నుంచి తాళం వేశాడు.

*

నెమలి లాండ్రీ షాపులో దొరికింది. తాబేలు నీళ్ళ ఫిల్టర్ రిపేరువాడి వేషంలో వెళ్ళాడు. చేతిలో పెట్టె, ముక్కు కింద మీసం. ఆవిరి మెషీన్ల మధ్య పట్టు కోటు, నల్ల కళ్ళద్దాలు, పక్క వీధి దాకా వచ్చే సెంటు. దాక్కునే పని చేస్తూ అంత అందంగా ఉండటం ఆవిడకే చెల్లింది.

"ఈ చొక్కా ఉతికితే బిగుతవుతుందా?" కోడ్ మాట.

"వేసుకునేవాడు లావైతేనే." జవాబు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "తాబేలు గారూ, మీసం కుడివైపు ఊడుతోంది."

తాబేలు మీసం నొక్కుకుని జేబులోంచి ఫోటో ప్రింటు తీశాడు. నెమలి కళ్ళద్దాలు పైకెత్తి చూసింది.

"ఇది నేను తీసిందే. కానీ ఈయన లేడు."

"అంటే?"

"దీపం కింద ఎవరూ లేరు. గద్దముక్కు ఒక్కడే ఉన్నాడు. ప్యాకెట్ చెత్తబుట్టలో వేశాడు, ఎవరో వచ్చి తీసుకోవడానికి. అందులో కళ్ళజోడు ఉంది. కెమెరా ఉన్న కళ్ళజోడు, చెవి దగ్గర కొమ్మ నొక్కితే చూసింది చూసినట్టు అవతలికి పంపుతుంది."

"ఎవరు తీసుకున్నారు?"

"అంతసేపు నిలబడితే నన్ను తీసుకుపోయేవాళ్ళు."

"మీరు తీసిన అసలు ఫోటో?"

"పంపగానే కెమెరా చెరిపేసుకుంటుంది. మీ వాళ్ళ తెలివే."

"మరి మీ మాట ఎలా నమ్మను?"

"నమ్మకండి. నన్ను నమ్మి బాగుపడ్డవాళ్ళు ఇంతవరకూ లేరు. హిస్టోగ్రామ్ చూడండి."

తాబేలు తెల్లమొహం వేశాడు. వాడికి హిస్టరీ వరకూ తెలుసు, అదీ అరకొరగా. నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న కెమెరా తీసి, షాపు గోడని ఒక ఫోటో తీసి, వెనక తెర మీద గుట్టలాంటి గ్రాఫ్ చూపించింది.

"ఫోటో అంటే చుక్కల గుంపు. ప్రతి చుక్కకీ వెలుగు మార్కు ఉంటుంది. కటిక నలుపుకి సున్నా, పూర్తి తెలుపుకి రెండొందల యాభై అయిదు. ఏ మార్కు ఎన్ని చుక్కలకి వచ్చిందో అంత ఎత్తు గీత నిలబెట్టుకుంటూ పోతే, ఇదిగో ఈ గుట్ట."

"పరీక్ష ఫలితాల్లాగా."

"మీకు ఎడమ చివర బాగా పరిచయం అయ్యుంటుంది."

తాబేలు నొచ్చుకోవాలి, కానీ నిజమే కదా.

"గుట్ట ఎడమకి ఒరిగితే చీకటి ఫోటో. కుడికి ఒరిగితే వెలుగు. కెమెరాలోంచి వచ్చిన పచ్చి ఫోటో గుట్ట నున్నగా ఉంటుంది. దాన్ని ఎవరైనా సాగదీసి వెలుగు తెప్పిస్తే..." చేతికున్న పూసల గాజు తీసింది. రబ్బరు తాడుకి పూసలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. రెండు వేళ్ళతో సాగదీసింది. "పూసలు పెరిగాయా?"

"లేదు."

"మధ్యలో?"

"సందులొచ్చాయి."

"అదే. సాగదీస్తే వెడల్పవుతుంది, కొత్త మార్కులు మాత్రం పుట్టవు. అందుకని కొన్ని గీతలు అసలు ఉండవు. గ్రాఫ్ పళ్ళూడిన దువ్వెనలా కనిపిస్తుంది. మొత్తం ఫోటోది చూడకండి, చుట్టుపక్కల చుక్కలు సందుల్ని పూడ్చేస్తాయి. మీ బావగారి చుట్టూ గీత గీసి, ఆయన ఒక్కడిదే చూడండి."

"ఇంత సాయం ఎందుకు చేస్తున్నారు?"

నెమలి గాజు తొడుక్కుంది. "ఫోటో కింద నా పేరుంది. అబద్ధాలు చెప్పడం నా పని. నా పేరుతో ఇంకొకరు చెబితే ఒళ్ళు మండుతుంది."

ఆవిడ చొక్కా తీసుకుని వెళ్ళిపోయింది. చూడబోతే ఆ చొక్కా వేరే ఎవరిదో. షాపువాడు తర్వాత చాలాసేపు వెతికాడు.

*

తాబేలు ఆఫీసుకి వచ్చేసరికి ల్యాబ్ ఖాళీ. మాస్టారు అప్పటికే సైఫర్ గదికి వెళ్ళాడు. బెల్టు బకిల్‌లో ఉన్న తీగతో తాళం తీసి లోపలికి దూరాడు.

ముందు మొత్తం ఫోటో గ్రాఫ్ తీశాడు. నున్నగా, గుమ్మడికాయలా ఉంది. ఒక్క సందూ లేదు. నెమలి ఆడించిందా? బావ నిజంగానే అక్కడున్నాడా? చెప్పను అన్నప్పుడు ఎర్రబడ్డ చెవులు గుర్తొచ్చాయి.

అప్పుడు ఆవిడ చెప్పింది గుర్తొచ్చి, మౌస్‌తో బావ చుట్టూ గీత గీశాడు. జుట్టు దగ్గర పెద్ద పని లేదు, అక్కడ ఉన్నదే నాలుగు వెంట్రుకలు. గీత కలిసింది. గ్రాఫ్ మారింది.

గీత, సందు. గీత, గీత, సందు. అచ్చం దువ్వెన.

అంటే బావ ఒక్కడే సాగదీసిన మనిషి. ప్లాట్‌ఫారం పచ్చిది, గద్దముక్కు పచ్చివాడు. బావని వేరే ఫోటోలోంచి కత్తిరించి దీపం కింద అతికించారు. ఏ ఫోటోలోంచి?

ఇక్కడొక ఆఫీసు సంగతి చెప్పాలి. పెద్దాయనకి చీకటి ఫోటో అంటే పడదు. "ఏంటయ్యా ఈ మసిగుడ్డ" అని మొహాన విసిరేవాడు. ఆ తిట్లు పడలేక మాస్టారు ఏ ఫోటో వచ్చినా ఫైల్లో దాచేముందు ఆటో బటన్ నొక్కి వెలుగు సాగదీసేవాడు. ఏళ్ళ తరబడి అదే. దొంగలవీ, దొరలవీ, చివరికి గుర్తింపు కార్డుల ఫోటోలతో సహా. మన ఆఫీసు ఫైల్లో ఉన్న ప్రతి మొహం పళ్ళూడిన దువ్వెనే. ఫోటోల్ని కుదించి దాచకూడదని ఇంకో రూలు ఉండబట్టి, ఊడినవి ఊడినట్టే మిగిలాయి.

తాబేలు బావ గుర్తింపు కార్డు ఫోటో తెరిచాడు. రెండు గ్రాఫులూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. సందుకి సందు సరిపోయింది, కవల పిల్లలకి ఒకే పన్ను ఊడినట్టు.

ఆ కార్డుల ఫైలు ఈ ఒక్క కంప్యూటర్లోనే ఉంటుంది. ఇందులోకి ఫోటోలు వస్తాయి గానీ బయటికి ఏదీ పోదు. నెమలి ఈ బిల్డింగు గుమ్మం తొక్కలేదు. ఈ కుర్చీలో కూర్చునేవాడు ఒక్కడే.

ఆ ఒక్కడు ఇప్పుడు ఇంకో కుర్చీలో ఉన్నాడు. చేతికి తాళం రాబోతోంది.

పెద్దాయనకి ఫోన్ చేశాడు. ఎంగేజ్. గడియారం చూశాడు. రెండు ముళ్ళూ దాదాపు కలిశాయి. మూలన బ్యాటరీ స్టూడియో లైటు ఉంటే చంకన పెట్టుకుని పరిగెత్తాడు. మెట్లెక్కుతుంటే ఆ పూట పెట్టుకున్న మీసం ఎక్కడో రాలిపోయింది.

సైఫర్ గది తలుపు లోపల్నించి గడియ. తాళం మారే వరకూ ఎవరొచ్చినా తీయకూడదు. తీయమన్నా తీయడు. తలుపు మధ్యలో మందపాటి గాజు పలక ఉంది. దాంట్లోంచి మాస్టారి వీపు, ఆయన ముందు నల్లగా మెరిసే తెర కనిపిస్తున్నాయి.

మాస్టారికి కొత్త కళ్ళజోడు. చెయ్యి మెల్లగా దాని కొమ్మ మీదికి వెళ్తోంది.

తెర మీద అంకెలు వెలిగాయి. అవి కాసేపే ఉంటాయి. ఆలోగా మెషీన్‌లో కొట్టాలి, లేకపోతే మెషీన్ వాటిని పారేసి కొత్తవి అడుగుతుంది.

తాబేలు లైటు గాజుకి ఆనించి, తెర మీదికి గురిపెట్టి, స్విచ్ నొక్కాడు.

గదంతా తెల్లబడింది. తెర అద్దంలా మెరిసి ఆ వెలుగునంతా మాస్టారి కళ్ళజోడులోకి తిప్పి కొట్టింది. ఆయన వేలు అప్పుడే కొమ్మ నొక్కింది. కళ్ళు మూసుకుని తడుముకుంటూ మళ్ళీ నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. అంకెలు ఆరిపోయాయి.

కాపలావాళ్ళు వచ్చి తలుపు బద్దలు కొట్టాక, కళ్ళజోడు పంపిన బొమ్మ తీసి పెద్దాయన ముందు పెట్టారు. తెల్ల కాగితంలా ఉంది. హిస్టోగ్రామ్‌లో గుట్ట లేదు, దువ్వెన లేదు. కుడి గోడకి అంటుకుపోయిన ఒకే ఒక్క గీత.

"ఇందులో ఏముంది?" అన్నాడు పెద్దాయన.

"ఏమీ లేదు సార్. అవతలివాళ్ళు ఎంత చీకటి చేసుకుని చూసినా ఏమీ రాదు. చీకట్లో తీస్తే కొంచెమైనా లాగొచ్చట, తెలుపులో కలిసిపోయింది మాత్రం తిరిగి రాదట."

పెద్దాయన మాస్టారి వైపు చూశాడు. "ఎందుకయ్యా?"

"ఇన్నేళ్ళలో ఒక్క ఫోటో బాగుందని అన్నారా సార్," అన్నాడు మాస్టారు. కింద గేటు దగ్గర బావని ఎక్కించుకున్న వ్యాన్ స్టార్టయిందని ఎవరో గుర్తుచేస్తే, పెద్దాయన కిటికీలోంచి వంగి "ఆపు" అని మాత్రం అన్నాడు. బావని వెనక సీట్లోంచి దింపి నేరుగా సైఫర్ గదికి తీసుకొచ్చారు. ఆయన చొక్కా సర్దుకుని, కూర్చుని, కొత్త అంకెలు కొట్టాడు. ఓడలు ఎప్పట్లా మాట్లాడుకున్నాయి.

*

ఇంటికెళ్తుంటే బండిలో బావ తాబేలు వైపు తిరిగాడు.

"నన్ను అనుమానించావా బామ్మర్దీ?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"తాళం వేశాను కదా బావా, కనపడలేదా. నువ్వు గురువారం సంగతి చెప్పేసుంటే ఇంత ఉండేది కాదు."

బావ గొంతు సవరించుకున్నాడు. అటూ ఇటూ చూశాడు, బండిలో వాళ్ళిద్దరే ఉన్నా సరే.

"జుట్టు డాక్టర్ దగ్గరికి. మొలిపిస్తానన్నాడు. ఆర్నెల్ల నుంచి వెళ్తున్నా. ఆఫీసులో తెలిస్తే చచ్చేదాకా నవ్వుతారు. మీ అక్కకి తెలిస్తే నేను చచ్చాక కూడా నవ్వుతుంది. చెప్పకు."

"నేను చెప్పను బావా."

"ఒట్టు?"

"ఒట్టు."

బావ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత తాబేలు చూపు ఎక్కడుందో గమనించాడు. "నా చెప్పుల వైపు ఎందుకు చూస్తున్నావు?"

"పొద్దున అక్క చెవిలో చెప్పింది. తనిఖీ అని విప్పించినప్పుడు ఎడమ చెప్పు మడమలో మైకు పెట్టాను, అక్క ఫోన్లో వినిపిస్తుంది. నేను చెప్పక్కర్లేదు బావా, ఈపాటికి నవ్వుతూ ఉంటుంది."