దిండు కింద సెంటు చీటీ

"కొనే ఉద్దేశం లేకపోతే అలా సెంటు కొట్టించుకుంటూ పోకండి మేడం."

నేను ఆమెతో అన్న మొదటి మాట ఇదే. ప్రేమకథలో హీరో అనాల్సిన మాట కాదని నాకూ తెలుసు. కానీ పొద్దున్నుంచి నిలబడే ఉన్నాను. మా సెంట్ల కౌంటర్లో కుర్చీ ఉండదు. సేల్స్‌మన్ కూర్చుంటే సెంటు విలువ పడిపోతుందని మా మేనేజర్ నమ్మకం. మోకాళ్ళు పీకేస్తుంటే మర్యాద ఎక్కణ్ణించి వస్తుంది?

వాసన చూడటానికి మేము సన్నటి కాగితం చీటీ మీద సెంటు కొట్టి ఇస్తాం. ఎవరైనా చూసి అక్కడే పడేస్తారు. ఈమె పడేయదు. ఒక్కో చీటీని విడిగా చిన్న కవర్లో పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటోంది.

"కొననని ఎవరన్నారు?" అంది, తల కూడా ఎత్తకుండా.

"పోయినవారం కూడా ఇలాగే పట్టుకెళ్ళారు."

"పట్టుకెళ్ళి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. తెల్లారేసరికి ఏడుపుమొహం పెట్టింది మీ సెంటు. షాపులో మహారాణిలాగే ఉంటుంది. దాని అసలు బుద్ధి ఇంటికొచ్చాక కదా తెలిసేది! అందుకే నేను ఏదీ అదే రోజు కొనను."

"అంటే, కాపురం చేసి చూసి మరీ కొంటారన్నమాట."

"చిన్న జీతం మరి. చీటీతో మోసపోతే నవ్వుకోవచ్చు. సీసాతో మోసపోతే నెలంతా ఏడవాలి."

నాకు నవ్వొచ్చింది. పొద్దున్నుంచి నవ్వుతూనే ఉన్నాను గానీ అది ఉద్యోగం నవ్వు. ఇది నా సొంతం. ఆమె కూడా నవ్వబోయి, మధ్యలో పెద్దగా ఆవులించింది. చూసి నేనూ ఆవులించాను. పక్కన వాచీల కౌంటర్లో అక్క మమ్మల్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళూ కళ్ళూ కలవడం అంటారు. మాకు ఆవులింతలు కలిశాయి.

ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. సెలవు దొరికిన రోజల్లా వచ్చేది. వార్డులో సెంటు కొట్టుకోకూడదట, రోగులకి పడదట.

"మరి ఎవరికోసం ఇన్ని సెంట్లు?" అని ఒకసారి అడిగాను, కాస్త భయంగానే.

"నిద్రకోసం. ఇంటికెళ్ళి స్నానం చేశాక కొంచెం రాసుకుని పడుకుంటాను. లేకపోతే వార్డు నాతోపాటే మంచమెక్కుతుంది."

నా ప్రాణం కుదుటపడింది.

అప్పట్నించి ఆమె సెంట్ల సంసారం నేనే చూశాను. పెద్ద సీసా జోలికి పోకుండా చిన్న సీసాలో లూజుగా పోయించుకోమన్నాను. అట్టపెట్టె నలిగిందని రేటు తగ్గించిన సీసా వస్తే పక్కన పెట్టేవాణ్ణి. తోటి నర్సులతో కలిసి ఒక సీసా కొని, తలా కొంచెం పంచుకోవడం ఆమెకొచ్చిన ఆలోచన. అన్నీ ఒక బిస్కట్ డబ్బాలో పెట్టి మంచం కిందికి తోసేది. వెలుతురు తగిలితే సెంటు పాడవుతుందని చెప్పింది నేనే.

"మీ ముక్కు లేకపోతే నా డబ్బా నిండేది కాదు ముక్కుగారూ" అనేది.

షాపులో అందరూ నన్ను ముక్కు అనే పిలిచేవారు. కళ్ళు మూసుకుని ఏ సీసా పెట్టినా పేరు చెప్పేసేవాణ్ణి. చదువు అంతంతమాత్రం, జీతం ఇంకా అంతంతమాత్రం. నాకున్న గొప్ప ఆ ఒక్కటే.

ఆ ఒక్కటీ పోయింది.

పెద్ద జబ్బేమీ కాదు. జలుబు చేసింది, జ్వరం తగిలింది. జ్వరం పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. కౌంటర్లోకి వచ్చి సీసా తెరిస్తే నీళ్ళు. ఇంకోటి తెరిచాను. అదీ నీళ్ళే.

ఎవరికీ చెప్పలేదు. మేనేజర్‌కి తెలిస్తే కౌంటర్ పోతుంది. అది సరే, చచ్చీచెడీ ఇంకో కౌంటర్ దొరుకుతుంది. ఆమె సంగతేంటి? నా కోసం వస్తోందా, నా ముక్కు కోసం వస్తోందా? ఆ సంగతి ఇంకా తేలలేదు. తేల్చుకునే ధైర్యం నాకు లేదు.

మామూలు కస్టమర్లతో ఇబ్బంది రాలేదు. వాళ్ళు సగం మాటలే కొంటారు. పేరు చదివి, పాత జ్ఞాపకం మీద నాలుగు ముక్కలు చెబితే సీసా కదిలిపోయేది. సాయంత్రానికి మాత్రం ఒళ్ళు హూనమయ్యేది. పని చేసి అలిసిపోతే నిద్ర పడుతుంది. నటించి అలిసిపోతే అదీ పట్టదు.

అలాంటి ఒక సాయంత్రం వాన దంచి కొడుతోంది. షాపు అద్దాల అవతల వీధంతా నీళ్ళలో కరిగిపోతోంది. ఆమె సగం తడిసి లోపలికొచ్చింది. యూనిఫాం మీద కోటు, చేతిలో మూతి బిగించిన సంచీ. ఎప్పుడూ కౌంటర్ మీదికి వాలిపోయే మనిషి, ఆరోజు రెండడుగుల దూరంలోనే ఆగిపోయింది.

"నాకోసం పక్కన పెట్టిన చిన్న సీసా ఇచ్చేయండి, వెళ్ళిపోతాను" అంది నీరసంగా.

దూరంగా నిలబడితే నాకేం అర్థం కావాలి? సిగ్గేమో అనుకున్నాను. వెధవ బుర్ర! ముక్కు పోయినప్పుడే అదీ పోయుంటుంది. ముందుకు వంగి, గట్టిగా గాలి పీల్చి, కళ్ళు అరమోడ్పులు చేసి, "అబ్బ! ఇవాళ ఘుమఘుమలాడిపోతున్నారు. ఇది నేను చెప్పిన సెంటేనా?" అన్నాను.

ఆమె మొహం పాలిపోయింది.

"వెటకారమా?"

"అయ్యో, ఒట్టు! ఇంత మంచి వాసన ఈ మధ్య నేను..."

"అందరూ మొహం తిప్పుకుంటే బాధ లేదు. అలవాటే. మీరు కూడానా?" సీసా తీసుకోకుండానే గిర్రున తిరిగి వానలోకి వెళ్ళిపోయింది.

వాచీల అక్క కర్చీఫ్ ముక్కు మీంచి తీసి నా మీద విరుచుకుపడింది.

"ఒరేయ్, నీకు నోరెలా వచ్చిందిరా? పాపం ఆ పిల్ల మీద ఎవరో వాంతి చేసుకున్నట్టున్నారు. ఫినాయిలూ అదీ కలిసి ఇక్కడిదాకా కొడుతుంటే, ఘుమఘుమ అంటావా?"

"అక్కా... నాకు తెలీలేదు."

"ఇంత కంపు తెలీకపోవడానికి నీకు ముక్కు లేదా?"

"లేదక్కా" అన్నాను. ఆ మాట మొదటిసారి పైకి అనడం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తర్వాత ఆమె రాలేదు. ఒక సెలవు పోయింది, ఇంకోటీ పోయింది. చిన్న సీసా అరలో అలాగే ఉంది. ఇక లాభం లేదని, నాకు సెలవిచ్చిన రోజు వెళ్ళి ఆసుపత్రి ముందు బస్టాప్‌లో కూర్చున్నాను. డ్యూటీ దిగి వచ్చింది. నన్ను చూసి బల్ల అటు చివర కూర్చుంది.

"వాసన చూడటానికొచ్చారా?"

"నాకు వాసన రాదండి."

"కొత్త జోకా?"

"జ్వరమొచ్చిన దగ్గర్నించి ఏమీ రావట్లేదు. ఆరోజు మీ మీద ఏం పడిందో నాకు నిజంగా తెలీదు. కౌంటర్లో అలవాటుగా అనే మాట అనేశాను. మిమ్మల్ని నొప్పించే ముందు నా నోరు పడిపోయినా బాగుండేది."

ఆమె నమ్మలేదు. నర్సులు ఊరికే నమ్మరు, రోజూ అబద్ధాలు వింటూనే ఉంటారు కదా. పక్కనున్న సంచీ మూతి విప్పి నా మొహం కింద పెట్టింది.

"పీల్చండి."

పీల్చాను.

"ఇంకా గట్టిగా."

ఇంకా గట్టిగా పీల్చాను. బస్సు కోసం నిలబడ్డ ఒకాయన మమ్మల్ని చూసి గబగబా అవతలికి వెళ్ళిపోయాడు. నా మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"ఏముంది ఇందులో?" అన్నాను.

"వార్డులో పాడైన యూనిఫాం. మీరు చూడకపోవడమే మంచిది." సంచీ మూసేసింది. ఇంతసేపూ కోపంగా ఉన్న కళ్ళు మెల్లగా మెత్తబడ్డాయి. "ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?"

"నవ్వుతూ."

"మేనేజర్‌కి చెప్పండి."

"కౌంటర్ పోతుంది."

"పోనివ్వండి. చెప్పకపోతే రోజూ ఎవరో ఒకరి మనసు విరుస్తూనే ఉంటారు. అందరూ నాలాగా మళ్ళీ మాట్లాడరు."

చెప్పేశాను. మేనేజర్ గడ్డం గీరుకుని నన్ను చెప్పుల సెక్షన్‌కి మార్చాడు. "వాసన తెలియనివాడికి ఈ షాపులో ఇంతకంటే తగిన చోటు లేదు" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే ఆలోచించి అన్నాడు. కమిషన్ పోయింది. అయితే అక్కడ ఒక స్టూలుంది. జోళ్ళు తొడగాలంటే కూర్చోవాల్సిందే. ఇన్నేళ్ళ తర్వాత డ్యూటీలో కూర్చుంటే ఏడుపొచ్చినంత పనైంది.

ఆ వారమే ఆమె బిస్కట్ డబ్బాతో బస్టాప్‌కి వచ్చింది.

"రోజూ వాసన చూడాలి. వచ్చినా రాకపోయినా, పాత వాసన గుర్తు తెచ్చుకుంటూ చూడాలి. మా ఆసుపత్రిలో ఇలాంటివాళ్ళకి చేయిస్తారు. కొందరికి తిరిగొస్తుంది."

"రాకపోతే?"

"రాకపోతే చెప్పుల సెక్షన్ ఎక్కడికీ పోదు కదా. పీల్చండి. ఇది నిమ్మతొక్క."

"గుర్తుంది. రావట్లేదు."

"ఇది గులాబి. ఇది తడి చెక్క."

"ఇలా తెరిచి పెడితే మీ సెంట్లు ఆవిరైపోతాయండీ. ఎంత కష్టపడి కూడబెట్టుకున్నారు!"

"అయిపోనివ్వండి. దాచుకున్నది దేనికి?" అంది విసుగ్గా. ఆ విసుగు వినడానికి నాకు ఎంత హాయిగా ఉందో!

అలా గడిచాయి మా సాయంత్రాలు. డ్యూటీ దిగి ఆమె, షాపు పనిలో కాస్త వీలు చేసుకుని నేను. సగం రోజులు ఆమె సీసా పట్టుకునే కునుకు తీసేది. మూత నేను పెట్టేవాణ్ణి. డబ్బాలో సీసాలు ఒక్కొక్కటే అడుగంటాయి. నాకు మాత్రం అన్నీ నీళ్ళే. ఇక వద్దులెండి అని చెప్పాలని రోజూ అనుకునేవాణ్ణి. చెబితే ఆమె రావడం మానేస్తుందని నోరు మూసుకునేవాణ్ణి.

మళ్ళీ ఒకరోజు వానొచ్చింది. కథల్లో అయితే ఇక్కడ నాకు మట్టివాసన రావాలి. రాలేదు. బల్ల మీద ముడుచుకుని కూర్చుని తడుస్తున్న రోడ్డు చూస్తున్నాను. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి, ధబ్బున నా పక్కన కూలబడింది.

"అబ్బా, ప్రాణం పోయింది ఇవాళ."

నా ముక్కులో ఏదో గుచ్చుకుంది. పీల్చాను. మళ్ళీ పీల్చాను. ఘాటుగా, చేదుగా, కళ్ళు మండేలా.

"ఏవండీ" అన్నాను. "మీ దగ్గర భరించలేనంత ఫినాయిల్ కంపు కొడుతోంది."

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అనబోయి ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"ఫినాయిల్. కోటు మీద ఎక్కువగా ఉంది. చేతులకి కూడా."

"ఇంకోసారి అనండి."

"కంపు. చచ్చే కంపు."

రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. మధ్యలో నవ్వింది. ఏది ఎక్కువో నాకు తెలియలేదు, ఎందుకంటే నేనూ అదే పని చేస్తున్నాను.

"ఇన్ని మంచి సెంట్లు తగలేస్తే, చివరికి మీకొచ్చింది ఇదా!" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నాకు ఇదే బాగుంది. స్నానం చేయకపోయినా ఫరవాలేదు. రోజూ ఇలాగే ఇంటికి వచ్చేయండి."

"ఎవరింటికి?"

"మనింటికి."

ఆమె డబ్బా తెరిచింది. అడుగున మిగిలిన తెల్ల చీటీ ఒకటి తీసి, నా చొక్కా కాలరుకి గట్టిగా రుద్ది, చిన్న కవర్లో పెట్టుకుంది.

"ఏంటది?"

"తెలుసుగా. నేను ఏదీ అదే రోజు కొనను."

బస్సెక్కి వెళ్ళిపోయింది. నాకు నిద్ర పడితే ఒట్టు.

మర్నాడు షాపు తెరిచీ తెరవగానే చెప్పుల సెక్షన్లో ప్రత్యక్షమైంది. లేచి నిలబడ్డాను.

"పొద్దున్నే మా అమ్మ నా దిండు దులుపుతూ చీటీ చూసింది. వాసన చూసి, ఇదేం సెంటే, చెప్పుల కంపు కొడుతోంది అంది."

"నువ్వేమన్నావ్?" నాకు తెలియకుండానే మీరు కాస్తా నువ్వైపోయింది.

"ఇది సీసాలో దొరకదమ్మా, మనిషి దగ్గరే ఉంటుంది అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, అయితే ఆ మనిషిని ఒకసారి తీసుకురా, కాళ్ళు కడుక్కుని రమ్మను, అంది."

స్టూలు ఆమె వైపు జరిపాను. కూర్చుని ఆవులించింది. నేనూ ఆవులించాను.

"ఇంతకీ తెల్లారేసరికి ఎలా ఉంది?" అని అడిగాను.

"ఏడుపుమొహం పెట్టలేదు" అంది.